ముక్కు నూకరాజు

నూకరాజు చేతులారా చేసిన ఆఖరి పని, పక్కింటి ఆండాళమ్మ కిరసనాయిలు డబ్బాకి మాటు వేయడం. 1998 నవంబరులో ఒక ఆదివారం సాయంత్రం అది. రాయపూర్‌లోని గుఢియారీలో రైలు పట్టాలని ఆనుకుని ఉన్న ఇళ్ళ వరసలో వాళ్ళది చివరి ఇల్లు. వంటగది గడప పక్కన గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాడాయన. పనికిరాని టార్చి సెల్లుని చీల్చి, దాని జింకు తొడుగుని, ఆయన మాటల్లో జస్తాని, గోరంత ముక్కలుగా కత్తిరించి, గాజుసీసాలో ఉన్న యాసిడ్‌లోకి ఒక్కొక్కటే జారవిడిచాడు. సీసా బుసబుసమని పొంగింది. దాన్ని గుడ్డతో పట్టుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు.

కూతురు ఊర్మిళ పొయ్యి మీద పాలు పెట్టి, "నాయనా, కాస్త సూస్తుండు" అని చెప్పి, ఆరేసిన బట్టలు తేవడానికి పెరట్లోకి వెళ్ళింది. రెండు చీరలు మడతపెట్టిందో లేదో, మాడు వాసన గుప్పుమంది. పరుగెత్తుకొచ్చి చూస్తే పాలు పొంగి, పొయ్యి మీద పడి, గిన్నె అడుగు నల్లగా మాడిపోయి ఉంది. నూకరాజు గడప అవతలే కూర్చుని సీసా వింటున్నాడు.

"అరే నాయనా! పెరటిదాకా కొట్టింది మాడు వాసన. నీకు తెలవనే లేదా?"

"సెవి సీసా కాడ ఉందే అమ్మీ."

"పాలు మాడితే సెవితో వింటారా ఎవరైనా? ఊరంతా ముక్కు ముక్కు అంటారే, ఆ ముక్కు ఏమయింది?"

ఆయన నవ్వాడు. కోడి ఈకని సీసాలో ముంచి డబ్బా చిల్లు మీద రాసి, కావియా అనే అతుకుకడ్డీని కాల్చి దాంతో సీసం కరిగించి అద్దాడు. డబ్బాలో నీళ్ళు పోసి వెలుతురుకెత్తి పట్టుకుని, చుక్క కారడం లేదని రెండుసార్లు చూసుకున్నాడు. "ఆండాలమ్మకి ఇచ్చీ. మరో పదేళ్ళు కారదని సెప్పు" అన్నాడు. పాలు లేని టీ తాగి పడుకున్నాడు. మర్నాడు లేవలేదు.

తండ్రితో తాను ఆడిన ఆఖరి మాట ముక్కు గురించి కావడం ఊర్మిళకి చాలాకాలం మింగుడుపడలేదు.

*

నూకరాజుది పార్వతీపురం దగ్గర పల్లె. రైల్లో పనిచేసే మేనమామ చెయ్యి పట్టుకుని 1956లో రాయపూర్ వచ్చాడు. రైల్వే ఉద్యోగం ఆయనకి దొరకలేదు. గుఢియారీ బజారులో రేకుపని చేసే ఒక ముసలి మిస్త్రీ దగ్గర చేరాడు. లాంతర్లు, నూనె డబ్బాలు, గరాటాలు, వాననీటి గొట్టాలు, ఏది కారినా ఆ కొట్టుకే వచ్చేది. ఆ మిస్త్రీ ఆయనకి మొదటిరోజు నేర్పింది యాసిడ్‌ని చంపడం.

పచ్చి యాసిడ్ రేకు మీద రాస్తే రేకుని తినేస్తుంది. అందుకని ముందు దానికి కడుపునిండా జస్తా తినిపించాలి. తింటున్నంతసేపూ బుడగలు వస్తాయి, సీసా వేడెక్కుతుంది. ఇక తినలేక, అడుగున జస్తా ముక్క మిగిలిపోయి బుడగ ఆగిపోయినప్పుడు యాసిడ్ చచ్చినట్టు. అప్పుడది రేకు మీది మురికిని మాత్రమే తీస్తుంది, సీసం చక్కగా అతుకుతుంది. ఆ బుడగల్లో వచ్చే గాలికి అగ్గిపుల్ల చూపిస్తే 'టప్'మని పేలుతుంది. అందుకే సీసా నోరు బిగించకూడదు, పక్కన బీడీ వెలిగించకూడదు.

నూకరాజుకి చదువు రాదు. మూడు రకాల యాసిడ్ల సీసాలకి మూడు రంగుల దారాలు కట్టుకునేవాడు. బజారు హిందీలో ఉప్పు యాసిడ్ నమక్ తేజాబ్, సురేకారం యాసిడ్ షోరా తేజాబ్. వాటి గుణాలు మాత్రం చుట్టాల గుణాలు చెప్పినట్టు చెప్పేవాడు. "నమక్ తేజాబ్ ఉందే, జస్తాని గబగబా తింటాది, ఇనుముని నిదానంగా తింటాది, రాగిని ముట్టదు. షోరా తేజాబ్‌కి ఆ నియమం నేదు, రాగినీ తింటాది, ఇత్తడినీ తింటాది. తింటే వచ్చేది తేలిక గాలి కాదు, ఎర్రపొగ. గంధకం తేజాబ్ మా మేనమావ లాంటిది. సిక్కగా ఉన్నంతసేపూ ఇనప పీపాలో గమ్మున పడుకుంటాది. రెండు సుక్కల నీళ్ళు పడ్డాయా, లేచి పీపానే తింటాది."

దారాల పద్ధతి ఒక్కసారే మోసం చేసింది. 1966లో, ఊర్మిళకి ఆరేళ్ళప్పుడు. పాత సీసా పగిలిపోతే నూకరాజు బజారునుంచి కొత్తది తెచ్చాడు. దాని మెడకి ఎర్రదారం ఉంది. తన లెక్కలో ఎర్రదారమంటే నమక్ తేజాబ్. అమ్మినవాడి లెక్కలో ఎర్రదారమంటే షోరా. లాంతర్ల ఇత్తడి బర్నర్లు ఒక మట్టికుండలో వేసి, మసి వదలడానికని ఇంటి లోపలే పోశాడు. కుండలోంచి ఇటుకపొడి రంగు పొగ లేచింది. పక్క గదిలో భార్య బంగారమ్మ జ్వరంతో పడుకుని ఉంది, ఊర్మిళ ఆమె పక్కనే ఉంది. పొగ తలుపు దాటేలోగా నూకరాజు ఆ కుండని రెండు చేతులా ఎత్తుకుని, మొహం పక్కకి కూడా తిప్పకుండా, పట్టాల దాకా పరుగెత్తి గుంటలో పడేశాడు. నెలరోజులు దగ్గాడు. కళ్ళు వాచాయి. భార్యాబిడ్డలకి ఏమీ కాలేదు. ఊర్మిళకి ఆ పొగ రంగు గుర్తుంది. ఆ తర్వాత ఎవరైనా ఆ సంగతి ఎత్తితే, "తగ్గిపోయింది కదే" అని తండ్రి మాట మార్చేయడం గుర్తుంది.

బంగారమ్మ మరో ఐదేళ్ళకి వేరే జబ్బుతో పోయింది. పదకొండేళ్ళ ఊర్మిళ చేతికి గరిట వచ్చింది. ఉప్పు ఎక్కువైనా, అన్నం పలుకైనా నూకరాజు ఒక్కనాడు మొహం చిట్లించలేదు. పైగా ఒక అలవాటు చేసుకున్నాడు. సాయంత్రం పనినుంచి వస్తూ, ఇంకా గుమ్మంలో అడుగుపెట్టకుండానే, వీధిలోంచే కేకవేసేవాడు: "ఇయ్యాల మెంతికూర పప్పు!" లేదా, "ఓలమ్మ, సేపల పులుసు! ఈది మొగదలికే వచ్చేసింది వాసన!" నూటికి తొంభైసార్లు సరిగ్గా చెప్పేవాడు. ఆ కేక కోసమే ఊర్మిళ పోపులో ఇంగువ ఓ చిటికెడు ఎక్కువ వేసేది. అప్పుడప్పుడు తప్పేవాడు. వంకాయ కూర వండిన రోజున "పప్పు!" అనేవాడు. "నీ ముక్కు ఛుట్టీ పెట్టిందా నాయనా?" అని ఆమె పగలబడి నవ్వేది. ఆయనా నవ్వేవాడు.

*

ఊరి చివర బీర్‌గావ్ వైపు షెడ్లు లేస్తున్న రోజుల్లో, బంగారమ్మ పోవడానికి కాస్త ముందే, రేకు డబ్బాల పని పల్చబడింది. ప్లాస్టిక్ వచ్చింది. నూకరాజు ఒక చిన్న షెడ్డులో చేరాడు. అక్కడ ఇనుప రేకులనీ ఊచలనీ నీళ్ళు కలిపిన యాసిడ్ తొట్టెలో ముంచి తుప్పు వదిలించి, సున్నపునీళ్ళలో కడిగి పంపుతారు. అదే వీధిలో ఉండే చిన్నారావుది కూడా ఆ తొట్టెల దగ్గరే పని. ఇద్దరూ రోజూ సైకిళ్ళ మీద కలిసి వెళ్ళి కలిసి వచ్చేవారు. పెద్దయ్యాక ఊర్మిళ సైతం అక్కడే ఆడవాళ్ళతో కలిసి రేకులు తోమే పనికి వెళ్ళేది. ఆడవాళ్ళని నాలుగింటికే వదిలేసేవారు. మొగాళ్ళు వచ్చేసరికి వంట అయిపోయి ఉండేది.

తొట్టెలోంచి రేకుని ఎప్పుడు తీయాలన్నదే ఆ పనిలో కిటుకు. ముందు తీస్తే తుప్పు మిగులుతుంది, ఆలస్యమైతే మంచి ఇనుము కరిగిపోతుంది. నూకరాజు ఒక వెదురు కర్ర తెచ్చుకున్నాడు. దాని ఒక కొన తొట్టె అంచుకి ఆనించి, రెండో కొన చెవికి ఆనించి, తల వాల్చి, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. తుప్పు కరుగుతున్నంతసేపూ తొట్టె మౌనంగా ఉంటుంది. తుప్పు పోయి అసలు ఇనుము తగలగానే బుడగలు లేచి చిరచిరమంటుంది. ఆ చిరచిర మొదలవగానే చెయ్యెత్తేవాడు. చిన్నారావు గొలుసు లాగేవాడు. రేకు వెండిలా తళతళలాడుతూ పైకొచ్చేది.

దూరంనుంచి చూసేవాళ్ళకి ఆయన తొట్టె మీదకి వంగి వాసన చూస్తున్నట్టుండేది. షెడ్డు యజమాని సేఠ్ అందరితోనూ, "ఇస్కీ నాక్ సోనేకీ హై" అనేవాడు, వీడి ముక్కు బంగారమని. అలా ఆయన 'ముక్కు నూకరాజు' అయిపోయాడు. కాదని ఆయన ఎన్నడూ అనలేదు.

ఊర్మిళ పెళ్ళి 1983లో సూరిబాబుతో అయింది. సూరిబాబు వెల్డరు. నా అన్నవాళ్ళెవరూ లేనివాడు. అత్తవారింట్లోనే ఉంటూ మామ పనిచేసే షెడ్డులోనే చేరాడు. చేతిపని మంచిది, నోరు పెద్దది.

రెండేళ్ళ తర్వాత ఎండాకాలంలో జరిగింది పీపా సంగతి. ఊర్మిళకి అప్పుడు ఐదో నెల.

షెడ్డులో సున్నపునీళ్ళ తొట్టె పగిలింది. కొత్తది కొనడమెందుకని, గంధకం తేజాబ్ వచ్చిన ఖాళీ ఇనుప పీపాని నిలువుగా కోసి రెండు తొట్టెలు చేయమన్నాడు సేఠ్. పొద్దున ఎవరో రెండు బకెట్ల నీళ్ళు పోసి దాన్ని కడిగి, మూత బిగించి ఎండలో పడేశారు. మధ్యాహ్నం సూరిబాబు గ్యాస్ సిలిండరు దొర్లించుకొచ్చి, పీపా మూత తిప్పాడు. 'తుస్'మంది.

"ఎండకి లోపల గాలి వేడెక్కింది" అన్నాడు. ముక్కు పెట్టి చూశాడు. సేఠ్ వచ్చి అతనూ ముక్కు పెట్టాడు. ఏ వాసనా లేదు. ఘాటు లేదు, పొగ లేదు. కడిగిన బిందెలా ఉంది. "సాఫ్ హై, కాటో" అన్నాడు సేఠ్, శుభ్రంగానే ఉంది కోసెయ్యమని. సూరిబాబు మంట వెలిగించాడు.

"ఆగరా!" అంటూ వచ్చాడు నూకరాజు. పీపా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని దాని పొట్టకి చెవి ఆనించాడు.

"అదేటి మావా, ముక్కు పెట్టాల్సిన కాడ సెవి పెడతావు?" అని నవ్వాడు సూరిబాబు. పక్కనున్నవాళ్ళూ నవ్వారు.

నూకరాజు నవ్వలేదు. "తింటోంది" అన్నాడు. "అడుగున తడి మిగిలింది. నీళ్ళు పడి లేచింది. పీపాని తింటోంది. కడుపునిండా గాలే ఉంది. మంట పెడితే నువ్వూ ఉండవు, ఈ రేకు కప్పూ ఉండదు."

"వాసన ఏదీ మరి?"

"ఆ మంట ముందు ఆర్పు."

సూరిబాబు ఆర్పలేదు. సేఠ్‌కి విసుగొచ్చింది. సాయంత్రానికి సరుకు వెళ్ళాలి, తొట్టె లేకుండా ఎలా? నూకరాజు ఒక్క అరగంట అడిగాడు. అరగంట కాదు, ఐదు నిమిషాలు కూడా లేవన్నాడు సేఠ్. అప్పుడు నూకరాజు అందరూ చూస్తుండగా లేచి, పక్కనున్న ఖాళీ పాలపొడి డబ్బా ఒకటి తీసుకుని, పీపా మీద రెండు కాళ్ళూ అటూ ఇటూ వేసి గుర్రమెక్కినట్టు కూర్చున్నాడు. డబ్బాని మూత రంధ్రం మీద బోర్లించి అరచేత్తో నొక్కి పట్టుకున్నాడు.

"ఉఠో! నహీ తో కల్ సే మత్ ఆనా!" లేవకపోతే రేపటినుంచి పనిలోకి రావద్దన్నాడు సేఠ్.

"రాను సాబ్. ఇయ్యాల మాత్రం లేవను."

సూరిబాబు మొహం కందగడ్డలా అయింది. ఆడవాళ్ళు రేకులు వదిలేసి వచ్చి గుమిగూడారు. "మీ నాయనకి బుర్ర తిరిగింది, నువ్వు సెప్పు లెమ్మని!" అని భార్య మీదకి గయ్యిమన్నాడు. చేతిలో మంట ఉఫ్‌ఫుమంటూనే ఉంది.

ఊర్మిళ తండ్రి దగ్గరికి వెళ్ళింది. ఉద్యోగం పోతే ఇల్లు ఎలాగన్నది ఒకటి, నలుగురిలో మొగుడి పరువన్నది ఒకటి. ఆమె కూడా వాసన చూసింది. నిజంగానే ఏమీ లేదు.

నూకరాజు కోపంగా లేడు. ఎండకి చెమట కారుతోంది. నెమ్మదిగా అన్నాడు: "నాను లేస్తానే అమ్మీ. ఆడు కోత్తున్నప్పుడు నువ్వు ఆడి పక్కన నిలబడగలవా? నిలబడతానను, లేచిపోతాను."

ఊర్మిళ ఒక చెయ్యి పొట్టమీద వేసుకుంది. తండ్రి చెవి వైపు చూసింది. చిన్నప్పటినుంచీ ఆ చెవి సీసాల దగ్గర ఉండడం చూస్తూనే ఉంది. ఒక్కసారి కూడా సీసా పేలలేదు. ఆమె గిరుక్కున తిరిగి, మొగుడి పక్కనుంచే నడుచుకుంటూ వెళ్ళి, సిలిండరు చావీ పట్టుకుని బిగించేసింది. మంట చిన్నగా అయి, ఆరిపోయింది.

"ఒసే!" అన్నాడు సూరిబాబు.

అరగంట ఎవరూ కదల్లేదు. అప్పుడు నూకరాజు పీపా దిగి, మూత వదులుగా పెట్టించి, పైకి లేచే ఆ తేలిక గాలి జారిపోకుండా డబ్బాని బోర్లించినది బోర్లించినట్టే పట్టుకుని, షెడ్డు బయట గోడ చివరికి నడిచాడు. అందరినీ దూరంగా నిలబడమన్నాడు. డబ్బాకి తీగ కట్టి కొమ్మకి వేలాడదీసి, పొడుగాటి వెదురుకి నూనెగుడ్డ చుట్టి అంటించి, దాని నోటికి చూపించాడు.

'ఢాం'మంది. డబ్బా తీగ తెంపుకుని గోడ అవతల పడింది. ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. గోడమీది కాకులన్నీ లేచిపోయాయి.

"ఇది డబ్బాడు" అన్నాడు నూకరాజు. "అది పీపాడు."

సూరిబాబు బకెట్టు తీసుకుని, ఎవరూ చెప్పకుండానే పీపా నోటిదాకా నీళ్ళు నింపడం మొదలుపెట్టాడు. పీపాని పారబోసి, మళ్ళీ నింపి, మళ్ళీ పారబోసి, సాయంత్రందాకా మోస్తూనే ఉన్నాడు. ఆ పీపాని ఆ రోజే కాదు, ఎప్పుడూ కోయలేదు. సేఠ్ మర్నాడు కొత్త తొట్టె తెప్పించాడు. నూకరాజు ఎప్పటిలాగే పనిలోకి వెళితే, 'నిన్న రావద్దన్నాను కదా' అని అతను అనలేదు. "మేమందరం ముక్కు పెట్టినా తెలియనిది నీ ముక్కుకెలా తెలిసింది?" అని మాత్రం అడిగాడు. నూకరాజు ముక్కు మీద వేలేసి తట్టి చూపించి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర సూరిబాబు మామ కంచంలో తనే పులుసు పోశాడు. అంతవరకూ అతను ఆ ఇంట్లో ఎవరికీ వడ్డించలేదు.

*

ఆ ఏడే పుట్టింది సుభద్ర. పన్నెండేళ్ళ వయసులో ఒకనాడు హిందీ సైన్సు పుస్తకం పట్టుకుని తాత దగ్గరికి వచ్చింది. "తాతా, యాసిడ్‌లో జస్తా వేస్తే వచ్చేది హైడ్రోజన్ అట. దానికి రంగు ఉండదట, వాసనా ఉండదట. మరి పీపాలో ఉందని నువ్వెలా వాసన పట్టావు?"

నూకరాజు మనవరాలి చెవి పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. "పుస్తకం రాసినోడికి సెప్పీకే. బెంగెట్టుకుంటాడు" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. పొయ్యి దగ్గరున్న ఊర్మిళ కూడా నవ్వింది. అంతకుమించి ఆలోచించలేదు.

ఆమె మనసులో అప్పటికి వేరే చిన్న ముల్లు ఉంది. 1991లో చిన్నారావు పని మానేసి కొడుకు దగ్గరికి బిలాస్‌పూర్ వెళ్ళిపోయాడు. సరిగ్గా ఆ రోజులనుంచే తండ్రి వీధిలోంచి కూరల పేర్లు కేకవేయడం మానేశాడు. గుమ్మంలోకి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మాట్లాడకుండా కంచం ముందు కూర్చునేవాడు. పెట్టింది తినేవాడు, బాగుందనేవాడు. కానీ ఆ కేక లేదు. తన చేతి వంట తండ్రికి పాతబడిపోయిందేమోనని ఊర్మిళ లోలోపల నొచ్చుకుంది. ఇంగువ పెంచి చూసింది. వెల్లుల్లి పెంచి చూసింది. ఒకటి రెండుసార్లు అడగబోయి, అభిమానం అడ్డొచ్చి ఊరుకుంది.

నూకరాజు పోయిన పదకొండో రోజున చిన్నారావు బిలాస్‌పూర్‌నుంచి వచ్చాడు. కర్ర ఊతంతో నడుస్తున్నాడు. నూకరాజు వాడిన సీసాలు, వెదురు కర్ర, కోడి ఈకలు ఉన్న గూటిని చేత్తో తడిమాడు. ఊర్మిళ టీ ఇస్తూ, ఆఖరి సాయంత్రం పాలు మాడిన సంగతి, తానన్న మాట చెప్పి ఏడ్చింది.

"నువ్వేటి సేస్తావే అమ్మా" అన్నాడు చిన్నారావు. "ఆ ఎర్రపొగ కుండ మోసిన కాడినుంచీ ఆడికి వాసనన్నది నేదు. మల్లెపూవైనా ఒకటే, మురుక్కాలవైనా ఒకటే. నీకు సెప్పొద్దని నా సేత ఒట్టెయించుకున్నాడు. నిన్నూ మీ అమ్మనీ కాపాడబోయి పోయిందని తెలిస్తే నువ్వు కుమిలిపోతావనీవోడు."

ఊర్మిళ గ్లాసు కింద పెట్టింది. "మరి కూరల పేర్లో మావా? ఈది మొగదలినుంచే సెప్పీవోడు కదా?"

చిన్నారావు తల వంచుకున్నాడు. "మొగదల్లో సైకిలు దిగి, 'ఒరే చిన్నా, మా గుంట ఇయ్యాల ఏటి ఒండిందో సూడరా' అనీవోడు. నాను వాసన సూసి సెప్పీవోణ్ణి. నాకు పడిశం పట్టిన రోజు ఏటీ తెలిసీది కాదు. ఆ రోజు పప్పని సెప్పీవోణ్ణి."